ఫిల్మ్ రోల్ ఎండలో మార్చకండి

పాత కెమెరాలో 35 ఎంఎం రోల్ మార్చేటప్పుడు నీడకు వెళ్లండి. నీడ దొరక్కపోతే ఎండకు వీపు పెట్టి, మీ నీడలోనే మార్చండి. ఫిల్మ్ చుట్టి ఉండే డబ్బా మూతికి వెలుతురు ఆపే వెల్వెట్ ఉన్నా, పాలిస్టర్ బేస్ (ఫిల్మ్ అడుగు పొర) మీద వచ్చే కొన్ని ఫిల్ముల్లో బయటికున్న కొస గుండా వెలుతురు లోపలి చుట్టల్లోకి పారుతుంది, మొదటి ఫ్రేములు మసకబారతాయి. అలాంటివాటిని చీకట్లో లోడ్ చేయడమే మేలు.

35 ఎంఎం కంటే వెడల్పుగా ఉండే 120 రోల్‌కి డబ్బా ఉండదు, వెనకున్న కాగితమే రక్ష. బయటికి తీసేటప్పుడు చుట్ట వదులవకుండా వేలితో అదిమి, వెంటనే దాని అంటు పట్టీ అంటించేయండి.

అన్నిటికంటే ముందు కెమెరా వెనక తలుపు గాడుల్లో వెలుతురు రాకుండా ఆపే ఫోమ్ చూడండి. అది జిగటగా మారినా, పొడిగా రాలుతున్నా మార్పించాల్సిందే. లేదంటే ఎంత జాగ్రత్తగా లోడ్ చేసినా ఆ సందు నుంచి కలర్ ఫిల్మ్ మీద ఎర్రటి చారలు పడుతూనే ఉంటాయి.