ఏడ్చినప్పుడు పిల్లకి చెయ్యి పడిపోతోందా? మోయమోయని గుర్తుపట్టడం ఇలా

మా అక్క కూతురికి నాలుగేళ్లప్పుడు, పుట్టినరోజు నాడు బుగ్గలు పొంగించి బెలూన్ ఊదుతుంటే అది చేతిలోంచి జారిపోయింది. తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు, మాట ముద్దముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో మామూలైపోయి కేకు కూడా తినేసింది. అమ్మమ్మ దిష్టి అని ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచింది. రెండు నెలలకి బొమ్మ కోసం వెక్కివెక్కి ఏడ్చి ఎడమకాలు ఈడ్చింది, అప్పుడు చూసిన డాక్టరేమో నాటకాలు అన్నాడు.

నాటకం కాదు, మోయమోయ. జపాన్ భాషలో పొగ తెరలాంటిది అని అర్థం, ఆ పేరు 1969లో అక్కడి డాక్టర్లే పెట్టారు. మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు పుర్రె లోపల చివర్లో సన్నబడిపోతాయి, ఆ లోటు తీర్చడానికి పుట్టుకొచ్చే వెంట్రుకల్లాంటి నాళాలు యాంజియోగ్రామ్‌లో, అంటే రక్తనాళాలు చూపించే ఎక్స్‌రేలో, పొగలా కనిపిస్తాయి. జపాన్, కొరియాల్లో ఎక్కువ, అక్కడ ఆర్‌ఎన్‌ఎఫ్213 అనే జన్యువులో మార్పుతో దీనికి గట్టి సంబంధం ఉంది. అయితే ఇంట్లో ఎవరికీ లేకపోయినా రావచ్చు.

అసలు గుర్తు ఎప్పుడు వస్తోందన్నదే. గట్టిగా ఏడ్చాక, బెలూనో పీకో ఊదాక, వేడి వేడి ఉప్మాని ఉఫ్ ఉఫ్ అని చల్లార్చుకుంటున్నప్పుడు. అలా ఊపిరి ఎక్కువగా వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడు నాళాలు ముడుచుకుంటాయి, అసలే సన్నగా ఉన్నవాటికి అది చాలు. రెండోది, ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు రావడం. ఇవి కాక పొద్దున్నే తలనొప్పితో వాంతులు, ఫిట్స్, చెయ్యి తనంతట తనే మెలికలు తిరగడం కూడా ఉండొచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో, మన ఏజెన్సీ ఆదివాసీ కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నవాళ్లలో ఇంకాస్త కనిపెట్టుకుని ఉండాలి.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా టైం చూసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి, తగ్గిపోయినా సరే వెళ్లాల్సిందే. పిల్లని ఊరుకోబెట్టి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు పోయొద్దు. పక్కన ఇంకెవరైనా ఉంటే ఫోన్‌లో వీడియో తీయమనండి, ఆస్పత్రికి చేరేసరికి పిల్ల చక్కగా ఆడుకుంటుంటే మీ మాట ఎవరూ నమ్మరు కాబట్టి. సీటీ నార్మల్ వచ్చిందని ఊరుకోకండి, పిల్లల న్యూరాలజిస్టుని కలిసి ఎమ్మారైతో పాటు మెదడు నాళాలు చూపించే ఎమ్మార్‌ఏ అడగండి. మెదడులోని కరెంటు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష తీసేటప్పుడు పిల్లలతో గట్టిగా ఊదిస్తారు, ఈ అనుమానం ఉందని ముందే చెప్పకపోతే అక్కడే చెయ్యి పడిపోవచ్చు.

సన్నబడిన నాళాన్ని మళ్లీ వెడల్పు చేసే మందు లేదు. ఆస్పిరిన్ ఇస్తారు గానీ అది డాక్టరు చెప్తేనే. ఎక్కువమంది పిల్లలకి ఆపరేషనే దారి, కణత దగ్గరి రక్తనాళాన్ని మెదడు మీదకి మళ్లిస్తారు, కొత్త దారులు పెరగడానికి నెలలు పడుతుంది. ఈలోపు ఒంట్లో నీరు తగ్గకూడదు, విరేచనాలు, జ్వరం వచ్చాయంటే మా అక్క రాత్రి కూడా లేపి తాగిస్తుంది.