షాపువాడు పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వనంటే ఏం చేయాలి

బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, మార్చబడదు" అని స్టాంపు వేసి ఉంటుంది కదా, చాలామంది అది చూసి అక్కడే ఆగిపోతారు, రాసిందిగా ఇంకేం అడుగుతాంలే అని. కొంచెం గట్టిగా అడిగితే మేనేజర్ బయటికొచ్చి సరే మీరు రెగ్యులర్ కస్టమర్ కాబట్టి అని ఒక క్రెడిట్ నోట్, అంటే డబ్బుకి బదులు ఆ షాపులోనే వాడుకునే కూపన్, చేతిలో పెడతాడు, లేదంటే పదిహేను శాతం కోసుకుని మిగతాది ఇస్తానంటాడు, అదేదో మనకి ఉపకారం చేస్తున్నట్టు. ఇక్కడ నేను ఈ రెండో బాపతు గురించే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే పైసా ఇవ్వనన్న షాపు మీద కోపంతోనైనా జనం ఏదో ఒకటి చేస్తారు, సగం ఇస్తానన్న చోట మాత్రం పోనీలే గొడవెందుకు అని సంతకం పెట్టేసి వచ్చేస్తారు.

ముందు ఒక విషయం తేల్చుకోండి, అసలు ఎందుకు వాపసు ఇస్తున్నారు? రంగు నచ్చలేదు, ఇంట్లో వాళ్లకి సైజు సరిపోలేదు, పక్క షాపులో ఇంకా చవకగా దొరికింది, ఇలాంటివైతే డబ్బు వెనక్కి ఇచ్చి తీరాలని మన దగ్గర చట్టమేం లేదు, అది పూర్తిగా ఆ షాపు పాలసీ. వాళ్లు ఎక్స్ఛేంజ్ ఇస్తే తీసుకోవడం, అంతే. అక్కడ కన్స్యూమర్ కోర్టుకెళ్తా అని బెదిరిస్తే వాళ్లు నవ్వుకుంటారు. కానీ వస్తువులో లోపం ఉంటే, లేదా చెప్పింది ఒకటి ఇచ్చింది ఇంకొకటైతే, కథ మొత్తం వేరు. ఇంట్లో వాషింగ్ మెషీన్ మొదటి వారంలోనే ఆగిపోయింది, ప్యూర్ పట్టు అని చెప్పి అమ్మిన చీర తీరా చూస్తే మిక్స్ అని తేలింది, కొత్తదని ఇచ్చిన ఫోన్ అంతకుముందే యాక్టివేట్ అయ్యుంది, ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి.

ఇప్పుడున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 2(47) గుర్తుపెట్టుకోండి చాలు, అనుచిత వ్యాపార పద్ధతులు అంటే ఏంటో అక్కడ వరసగా రాశారు. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం, దాని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం కూడా ఆ లిస్టులో ఉంది. బిల్లు మీద గడువు రాసుంటే ఆ గడువులోపు, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకోవాలి. అసలు బిల్లే ఇవ్వకపోవడం కూడా అందులోనే ఉంది. కాబట్టి ఆ స్టాంపు లోపమున్న సరుకు విషయంలో చెల్లదు, అది చట్టం కంటే పెద్దదేం కాదు. ఆ 30 రోజులు దాటిపోతే ఇంక హక్కు లేదని కూడా అనుకోకండి, లోపం మీద ఫిర్యాదు చేయడానికి సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్ల టైం ఉంటుంది, ఎంత త్వరగా అడిగితే అంత గట్టిగా నిలబడుతుంది అంతే తేడా.

ఇక షాపులో వినిపించే డైలాగులు. మొదటిది, "మాకు సంబంధం లేదండీ, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసుకోండి." డబ్బు తీసుకుని బిల్లు కొట్టింది వాళ్లు, కాబట్టి సంబంధం ఉంది. సర్వీస్ సెంటర్‌కి కంప్లైంట్ పెట్టండి, తప్పులేదు, ఆ కాగితం మనకే పనికొస్తుంది, కానీ షాపుని వదిలిపెట్టొద్దు. సర్వీస్ వాడు ఇంటికొచ్చినప్పుడు మాత్రం కొంచెం జాగ్రత్త. ఫ్రిజ్ వెనకాల టార్చ్ వేసి అటూ ఇటూ చూసి, ఇప్పుడు ఓకే మేడమ్, ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది చెప్పండి అంటాడు. ఆ ఓటీపీ చెప్పారంటే వాళ్ల సిస్టంలో కంప్లైంట్ "పరిష్కరించబడింది" అని క్లోజ్ అయిపోతుంది, రేపు షాపువాడు అదే చూపించి ఏ ప్రాబ్లం లేదని కంపెనీయే చెప్పిందిగా అంటాడు. బాగుపడితే చెప్పండి, లేకపోతే చెప్పొద్దు. జాబ్ షీట్ (ఏం చూశాడో, ఏం చేశాడో రాసే కాగితం) మీద సంతకం అడిగితే రిమార్క్స్ దగ్గర ఏం రాశాడో చదివి, "కూలింగ్ రావట్లేదు, కంప్రెసర్ సౌండ్ వస్తోంది" అని మీ చేత్తో మీరే తెలుగులోనైనా రాసి అప్పుడు సంతకం పెట్టి ఫోటో తీసుకోండి. వినియోగదారుల కమిషన్, అదే కన్స్యూమర్ కోర్టు దాకా వెళ్తే ఆ ఒక్క కాగితం మీ పది పేజీల బాధ కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

రెండోది, "జీఎస్టీ కట్టేశామండీ, అది మా చేతిలో లేదు, ఆ 18 శాతం పోను ఇస్తాం." ఇది విని నిజమేమో అనుకునేవాళ్లే ఎక్కువ, కానీ ఇది ఉత్త మాట. సరుకు వెనక్కి వచ్చినప్పుడు షాపువాడు జీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద క్రెడిట్ నోట్ (ఆ అమ్మకాన్ని లెక్కలో తగ్గించి చూపే కాగితం) వేసి ఆ పన్ను తన లెక్కలోంచి తగ్గించుకోవచ్చు, ఆ ఆర్థిక సంవత్సరం అయిపోయాక వచ్చే నవంబర్ 30 దాకా దానికి టైం ఉంటుంది. అంటే మీ దగ్గర కోసుకున్న పన్ను ఆయన ప్రభుత్వం దగ్గర కూడా తగ్గించుకుంటే అది నేరుగా ఆయన జేబులోకే. ఈ మాట కౌంటర్ దగ్గర నెమ్మదిగా, పక్కన ఇద్దరు కస్టమర్లు ఉన్నప్పుడు అనండి చాలు. పేరు ఒకటే గానీ ఈ క్రెడిట్ నోట్ వేరు, మనకి డబ్బుకి బదులు ఇచ్చే కూపన్ వేరు, అక్కడ కన్ఫ్యూజ్ చేస్తారు.

మూడోది, "సీల్ ఓపెన్ చేసేశారు కదా." ఓపెన్ చేయకుండా లోపం ఎలా తెలుస్తుంది? ఇంక దీని మీద టైం వేస్ట్ చేయక్కర్లేదు.

నాలుగోది ఈఎంఐ మీద కొన్నవాళ్లకి, ఇది కొంచెం చిక్కు. ఫైనాన్స్ కంపెనీ షాపుకి డబ్బు ఎప్పుడో కట్టేసింది, షాపువాడేమో సరుకు తీసుకుంటాను గానీ లోన్ మీ ఇష్టం అంటాడు. లోన్ క్యాన్సిల్ చేయించే రిక్వెస్ట్ షాపు వైపు నుంచి వెళ్లేలా రాతపూర్వకంగా అడగండి, అదే రోజు ఫైనాన్స్ వాళ్లకి కూడా మెయిల్ పెట్టండి, లోన్ క్లోజ్ అయినట్టు లెటర్ వచ్చే దాకా ఈఎంఐ మాత్రం ఆపకండి. కోపంలో ఆటో డెబిట్ ఆపేస్తే సిబిల్ స్కోర్ దెబ్బతినేది మనదే, షాపువాడిది కాదు. కట్టిన ఈఎంఐలు, ప్రాసెసింగ్ ఫీజు, డెలివరీ చార్జీలు, అంటగట్టిన ఎక్స్‌టెండెడ్ వారంటీ డబ్బు, పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చుంటే దాని విలువ, అన్నీ కలిపి అడగాలి. పూర్తి రీఫండ్ అంటే అదీ లెక్క.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి 2020 ఈ-కామర్స్ రూల్స్ ఇంకొంచెం బలం ఇస్తాయి. సరుకు లోపంగా ఉన్నా, నకిలీదైనా, వెబ్‌సైట్‌లో చూపించినట్టు లేకపోయినా, చెప్పిన తేదీ దాటాక వచ్చినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనకూడదు, లేటు విషయంలో మాత్రం వరదలు లాంటి వాళ్ల చేతిలో లేని కారణాలుంటే మినహాయింపు ఉంది. ప్రతి సైట్‌కీ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాబట్టి చాట్‌లో ఆ బాట్‌తో గంటలు గంటలు మాట్లాడే బదులు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఆ ఆఫీసర్ మెయిల్ పట్టుకోండి. డబ్బు వాలెట్‌లో వేశాం చూసుకోండి అంటే, నేను కార్డుతో కట్టాను కార్డుకే కావాలి అని ముందే రాయండి, వాలెట్ డబ్బు ఒక్క రూపాయి వాడినా తర్వాత మీరు ఒప్పుకున్నట్టే అని వాదిస్తారు. కార్డుతో కట్టుంటే బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ చెల్లింపు మీద అభ్యంతరం, కూడా పెట్టొచ్చు, దానికి వేరే గడువులుంటాయి కాబట్టి స్టేట్‌మెంట్ రాగానే పెట్టేయండి.

సరే, షాపుకెళ్లి నోటితో అడిగారు, వాళ్లు పర్సంటేజ్ కోసుకుని ఇస్తామన్నారు. అక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా ఇంటికొచ్చేయండి. ముఖ్యంగా "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని ఉన్న కాగితం మీద. ఇచ్చినంత తీసుకోక తప్పని పరిస్థితి ఉంటే "అభ్యంతరంతో కొంత మొత్తం తీసుకున్నాను, మిగతాది రావాలి" అని రాసి తీసుకోండి. ఇంటికొచ్చాక ఇదిగో ఇలాంటి మెసేజ్ వాట్సాప్‌లోనూ మెయిల్‌లోనూ రెండిట్లోనూ పంపండి:

"ఫలానా తేదీన, ఫలానా నంబర్ బిల్లు మీద మీ షాపులో ఫ్రిజ్ కొన్నాను, 32,500 రూపాయలు కట్టాను. నాలుగో రోజు నుంచి కూలింగ్ రావడం లేదు. సర్వీస్ జాబ్ షీట్, వీడియో జత చేశాను. ఈరోజు మీ మేనేజర్ గారు 15 శాతం తగ్గించి ఇస్తామన్నారు, దానికి నేను ఒప్పుకోలేదు. లోపమున్న సరుకుకి డబ్బు వాపసు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. 15 రోజుల్లో మొత్తం 32,500 నేను కట్టిన అకౌంట్‌కే జమ చేసి సరుకు తీసుకెళ్లగలరు. లేదంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను, వడ్డీ, పరిహారం, ఖర్చులు కూడా అడుగుతాను."

ఇంతే, ఇంతకంటే ఎక్కువ వద్దు. దొంగలు, మోసగాళ్లు, మీ అంతు చూస్తా లాంటి మాటలు అస్సలు వద్దు, రేపు ఆ మెసేజ్ చదివేది కమిషన్‌లో కూర్చున్నవాళ్లు. మేనేజర్ నోటితో అన్నదాన్ని ఇలా రాసి పంపితే వాళ్లు కాదనకపోవడం కూడా ఒక సాక్ష్యంలాగే పనికొస్తుంది. ఇదే కాగితం మీద ప్రింట్ తీసి స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపి, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ సేవ్ చేసుకోండి. లాయర్ నోటీసే ఉండాలని చట్టంలో లేదు.

ఆ 15 రోజులు ఖాళీగా కూర్చోకుండా 1915కి ఫోన్ చేయండి, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు, 8800001915 నంబర్‌కి వాట్సాప్ కూడా చేయొచ్చు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, వాళ్లు కోర్టు కాదు, మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి సమాధానం తెప్పిస్తారు అంతే. పెద్ద బ్రాండ్లు, పెద్ద చైన్ షోరూములు, ఆన్‌లైన్ సైట్లు ఉన్నచోట ఇది బాగానే పనిచేస్తుంది, చాలాసార్లు కౌంటర్ దగ్గర కుదరదన్నది ఇక్కడ కుదురుతుంది. మన ఊరి బజార్‌లో సొంత షాపు పెట్టుకున్నాయన దగ్గర పెద్దగా పనిచేయకపోవచ్చు, అయినా వాళ్లిచ్చే డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) రాసిపెట్టుకోండి.

అప్పటికీ వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన డబ్బు 50 లక్షల లోపైతే అక్కడే, 5 లక్షల లోపైతే ఫీజు సున్నా. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి అనే పోర్టల్‌లో ఇంట్లోంచే ఫైల్ చేయొచ్చు, వీడియో ద్వారా హాజరవుతానని అడగొచ్చు కూడా. అన్నిటికంటే మంచి మార్పు, షాపు ఎక్కడున్నా మీరు ఉంటున్న చోట, లేదా పనిచేస్తున్న చోట కేసు వేయొచ్చు. హైదరాబాద్‌లో కొని శ్రీకాకుళం తీసుకెళ్లినా శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు, షాపువాడే అక్కడికి రావాలి. అయితే కొత్తగా ఏర్పడిన జిల్లాలన్నిటికీ విడిగా కమిషన్ లేదు, మీ ఏరియా దేని కిందికి వస్తుందో ముందు చూసుకోండి. అమెరికాలో ఉన్న కొడుకు కార్డుతో కట్టి అమ్మానాన్నలకి పంపిన టీవీ అయినా పర్లేదు, కొన్నవాళ్ల అనుమతితో వాడేవాళ్లు కూడా చట్టం ప్రకారం వినియోగదారులే, ఇక్కడి పెద్దవాళ్ల పేరు మీదే వేయొచ్చు. తిరిగి అమ్మడానికి కొన్న సరుకైతే మాత్రం ఈ దారి లేదు.

ఫిర్యాదులో షాపుని మొదటి ప్రతివాదిగా, కంపెనీని రెండో ప్రతివాదిగా ఇద్దర్నీ చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. ఏం కావాలో విడివిడిగా అడగండి: కట్టిన మొత్తం, కట్టిన తేదీ నుంచి వడ్డీ, ఇబ్బందికి పరిహారం, కేసు ఖర్చులు. 32 వేల ఫ్రిజ్‌కి 10 లక్షల మనోవేదన అని రాస్తే సీరియస్‌గా తీసుకోరు. ప్రతివాది 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు ఇస్తారు. సరుకుకి ల్యాబ్ టెస్ట్ అక్కర్లేకపోతే 3 నెలల్లో, అవసరమైతే 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది, నిజానికి వాయిదాలతో అంతకంటే లేటే అవుతుంది, ఆ ఓపిక ఉందో లేదో ముందే చూసుకోండి. కానీ చాలా షాపులకి నోటీసు అందాకే బుద్ధొస్తుంది, మధ్యలో రాజీకి వస్తారు, వస్తే ఆ రాజీని కమిషన్ ముందే రికార్డు చేయించండి, బయట మాట మీద కేసు వెనక్కి తీసుకోవద్దు.

ఆర్డర్ మీకు అనుకూలంగా వచ్చాక అప్పీల్‌కి వెళ్లాలంటే వాళ్లకి 45 రోజులు ఉంటుంది, ముందుగా సగం డబ్బు కమిషన్‌లో కట్టాలి, చిన్న మొత్తాలకి ఎవరూ అంత దూరం పోరు. ఆర్డర్ వచ్చినా కట్టకపోతే సెక్షన్ 72 కింద పిటిషన్ వేయండి, ఆర్డర్ పాటించనందుకు వాళ్లకి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

చివరికి డబ్బు ఏ దారిలో వచ్చినా, వస్తువు వెనక్కి ఇచ్చేటప్పుడు మోడల్, సీరియల్ నంబర్ రాసి షాపు స్టాంపుతో రసీదు తీసుకోండి. మా కుర్రాడొచ్చి తీసుకెళ్తాడు, డబ్బు సాయంత్రం వేస్తాం అంటే, సరే సాయంత్రమే డబ్బు పడ్డాక పంపండి అని చెప్పండి.