చేతులకు చెమట పట్టేటోళ్లు వయోలిన్, వీణ, గిటార్ ఎట్ల వాయించాలె

ఎండకాలం మొదలైందంటే హన్మకొండ, వరంగల్ దిక్కు సంగీతం క్లాసులకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఒకటే మాట అడుగుతరు, మావాని చేతులు ఎప్పుడు తడితడిగనే ఉంటయి, తీగ మీద వేలు నిలుస్తలేదు, వయోలిన్ మానిపించి కీబోర్డ్‌ల చేర్పియ్యాల్నా అని. వద్దు, మానిపియ్యకుండ్రి. చెమట పట్టే చేతులతోని కూడ మంచిగ వాయించొచ్చు, కాకపోతె ఆ చెమట ఎందుకు పడుతున్నదో ముందు చూసుకోవాలె, అందరికి ఒకటే ఉపాయం పనిచెయ్యది.

ఎండకు పట్టే చెమట ఒళ్లంత పడ్తది, నొసలు, వీపు, మెడ, అన్ని. అరచేతుల చెమట జర వేరే, అది ఎండ కంటే ఎక్కువ మనసు మీద నడుస్తది, భయం, ఆత్రం, ఎవరన్న చూస్తున్నరంటే అయ్యే ఇబ్బంది, వీటికి నరాలు చెమట గ్రంథుల్ని లేపుతయి. అందుకే డిసెంబర్ చలిల కూడ స్టేజ్ ఎక్కంగనే చేతులు సల్లగయి తడుస్తయి. ఇంక కొందరికి చిన్నప్పటి నుంచే రెండు అరచేతులు, అరికాళ్లు కూడ చెమటలు పడుతనే ఉంటయి, పరీక్ష పేపర్ తడుస్తది, ఫోన్ స్క్రీన్ మీద వేలు పనిచెయ్యది, కాని నిద్రల మాత్రం ఉండది, ఇంట్ల అమ్మకో నాయనకో కూడ ఉంటది. దీన్ని డాక్టర్లు హైపర్ హైడ్రోసిస్ అంటరు, దాని గురించి కిందికి చెప్త.

ముందు వాయించే గది సంగతి, ఎందుకంటే మన దిక్కు చాలమంది దీన్నే పట్టించుకోరు. మే నెలల ఎండ 44 దాక పోతది కదా, అందరిండ్లల్ల కూలర్ నడుస్తది, తలుపులు కిటికీలు అన్ని మూసి కూలర్ పెట్టుకొని పిల్లవాన్ని దాని ముందట కూసోబెట్టి ప్రాక్టీస్ చెయ్యమంటరు. కూలర్ గాలిల నీటి తేమ ఉంటది, మూసిన గదిల ఆ తేమ బయటికి పోక నిండుతది, గాలి తేమగుంటె చేతి మీద చెమట ఆరది. పైనుంచి తేమకు కట్టె ఉబ్బుతది, వయోలిన్ బిరడలు, అంటే తీగలు తిప్పి శృతి చేసే కట్టె చెవులు, బిగుసుకపోతయి, శృతి ఊకె మారుతది. అందుకని ప్రాక్టీస్ చేసే అరగంట, గంట కూలర్ పంప్ బంద్ చేసి ఉత్త ఫ్యాన్ నడిపియ్యుండ్రి, లేదంటె కిటికీ తెరిచి కూలర్‌కు దూరంగ పక్కకు కూసోవాలె. ఏసీ ఉంటె ఇంక మంచిది, అది గాలిల తేమ తీసేస్తది. అన్నిటికంటె మంచిది పొద్దున ఆరు లోపల వాయించుడు, చేతులు పొడిగుంటయి, మనసు కూడ నిమ్మళంగ ఉంటది. వీణ ఉన్నోళ్లకు ఇంకొక మాట, మెట్లు, అంటే తీగ కింద ఉండే లోహపు బద్దలు, నిలబెట్టేది మైనం మీదనే కాబట్టి ఎండ తగిలే కిటికీ కాడ గాని రేకుల గదిల గాని వీణను పెట్టొద్దు, మైనం మెత్తబడి మెట్టు జరిగితె స్వరస్థానమే పోతది.

చేతులు కడుగుడు గురించి. సబ్బుతోని సల్లటి నీళ్లల్ల కడిగి, వేళ్ల సందులల్ల కూడ తుడిచి, పది పదిహేను నిమిషాలు ఆగి వాయించాలె. కడిగిన వెంటనే వద్దు, నీళ్లకు నానిన చర్మం మెత్తగయితది, తీగ ఒత్తుకొని వేలి కొసలు లేస్తయి, కొత్తగ నేర్చుకునేటోళ్లకు బొబ్బలు వస్తయి. స్నానం చేసి వచ్చి, గిన్నెలు తోమి వచ్చి వెంటనే కూసోవద్దనేది కూడ ఇందుకే. శానిటైజర్ రాసుకుంటె కొంచెంసేపు పొడిగ ఉంటది నిజమే, కాని పూర్తిగ ఆరినంక ముట్టాలె, అండ్ల ఆల్కహాల్ ఉంటది, వయోలిన్ వార్నిష్‌ను పాడు చేస్తది.

పౌడర్ రాసుకోవద్దు. చాలమంది మొదలు చేసే పని ఇదే, ముఖానికి రాసుకునే పౌడర్ చేతులకు కొట్టుకొని వాయిస్తరు, అయిదు నిమిషాలు బాగనే ఉంటది, తర్వాత పౌడర్ చెమట కలిసి పిండి లెక్క అయి తీగ చుట్టల సందుల్ల ఇరుక్కుంటది, తీగ మోత మొద్దువడ్తది.

ఇగ అసలు విషయానికి వస్త. వేలు జారుతున్నదని అందరు చేసేది ఏందంటే గట్టిగ నొక్కుడు. గట్టిగ నొక్కితె చెయ్యి బిగుస్తది, బిగిసిన చెయ్యికి ఇంక ఎక్కువ చెమట పడ్తది, మళ్లీ జారుతది, మళ్లీ ఇంక గట్టిగ నొక్కుతరు, అట్లట్ల గమకం, అంటే స్వరాన్ని ఊపి జార్చి పలికించుడు, మొత్తం పోతది. చెమట కంటె ఈ బిగింపుతోనే ఎక్కువ నష్టం అని నా గట్టి నమ్మకం. దీనికి ఒక సాధన ఉన్నది, రోజు చెయ్యుండ్రి. వయోలిన్ మీద ఒక స్వరం పట్టుకొని, కమాను, అంటే తీగ మీద రాసే వెంట్రుకల బద్ద, నెమ్మదిగ నడుపుకుంట వేలి ఒత్తిడి కొంచెం కొంచెం తగ్గియ్యాలె, ఒకకాడికి వచ్చేసరికి నాదం పోయి ఉస్సుమని గాలి మోత వస్తది, అక్కడ ఆగి మళ్లీ ఇంతంత ఒత్తిడి పెంచితె నాదం తిరిగి వస్తది, అగో అంతే ఒత్తిడి కావాలె, అంతకు మించి పెట్టేదంత వృథా. నాలుగు వేళ్లతోని ఇట్ల చెయ్యాలె, చిటికెన వేలు ఎక్కువ సతాయిస్తది, దానికి ఎక్కువసేపు ఇయ్యాలె. తర్వాత అదే తేలిక వేలుతోని షడ్జం నుంచి పంచమం దాక జారు వెయ్యుండ్రి, అంటే వేలు ఎత్తకుంట తీగ మీద జరుపుండ్రి, చెయ్యి తడిగున్నా సరే ఆగకుంట పోతది.

బొటనవేలు కూడ చూసుకోవాలె. మన కర్ణాటక పద్ధతిల కింద కూసోని వయోలిన్ తల భాగం కుడి పాదం మీద ఆనిస్తం, ఇంకో కొస ఛాతికి ఆనుతది, అంటే ఎడమ చెయ్యి మోసేది ఏం లేదు. వాయించుకుంట మధ్యల బొటనవేలు ఒక్కసారి తీసి చూడుండ్రి, వయోలిన్ కదిలిందంటె మీరు చెయ్యితోని మోస్తున్నట్టు, ముందు కూసునే తీరు సరిచేసుకోవాలె.

నూనె సంగతి చాలమంది అడుగుతరు. వీణ వాయించేటోళ్లు ఎడమ చేతి వేళ్లకు కొంచెం కొబ్బరి నూనె తాకిస్తరు, చిన్న డబ్బల దూది ముక్కకు నూనె పెట్టి దగ్గర ఉంచుకుంటరు, మెట్ల మీద తీగ లాగెటందుకు అది మంచిగనే పనిచేస్తది. కాని తడి చెయ్యి మీద నూనె రాస్తె జిగట అయితది, ముందు దస్తీతోని బాగ తుడిచి అప్పుడు వేలి కొసకు మాత్రమే తాకియ్యాలె. వయోలిన్‌కు అయితె ఇంక జాగ్రత్త, ఎడమ చేతి నూనె కమాను వెంట్రుకలకు గాని కమాను నడిచే జాగల తీగకు గాని అంటితె రోజిన్, అంటే కమాను వెంట్రుకలకు రాసే గట్టి బంక, పట్టది, నాదమే రాదు. గిటార్‌కు నూనె అవసరమే లేదు.

కమాను పట్టే కుడి చెయ్యి జారేటోళ్లు, చిన్నపిల్లలయితె ముఖ్యంగ, పెన్సిల్‌కు తొడిగే మెత్తటి రబ్బర్ గ్రిప్ బొటనవేలు ఉండే జాగల తొడిగి చూడుండ్రి, స్టేషనరీ షాపుల దొరుకుతది. పెద్దోళ్లు అక్కడి తోలు చుట్ట అరిగితె కొత్తది వేయించుకోవాలె.

తీగల ఖర్చు ఎక్కువయితదని బాధపడేటోళ్లు ఇది చదవుండ్రి. చెమటల ఉప్పు ఉంటది, అది ఉక్కు తీగకు తుప్పు పట్టిస్తది, వయోలిన్‌ల అల్యూమినియం చుట్టిన రెండో తీగ అయితె ఇంక తొందరగ గరుకైతది, చుట్ట ఊడుతది. కొనేటప్పుడు అల్యూమినియం కాకుంట స్టీల్ చుట్ట ఉన్న తీగ అడగాలె. గిటార్‌కు ఎలిక్సిర్ కంపెనీది లాంటి కోటింగ్ ఉన్న తీగల సెట్ ధర ఎక్కువే గాని ఎక్కువ రోజులు వస్తది, కోటింగ్ లేనివే కొంటె ప్యాకెట్ మీద 80/20 బ్రాంజ్ అని రాసిన దాని కంటె ఫాస్ఫర్ బ్రాంజ్ అని రాసినది చెమటకు ఎక్కువ తట్టుకుంటది, నైలాన్ తీగల గిటార్‌కు చుట్ట లేని మూడు ఉత్త నైలాన్ తీగలకు తుప్పు బాధ అసలే ఉండది. ఏ తీగ అయినా సరే వాయించుడు అయిపోంగనే మెత్తటి నూలు బట్టతోని ఒక్కొక్క తీగను కింది నుంచి కూడ పట్టుకొని తుడవాలె, రోజిన్ తుడిచే బట్ట వేరే, చెమట తుడిచే బట్ట వేరే ఉండాలె. తడి మీదనే పెట్టెల పెట్టి మూయొద్దు.

కచేరి రోజు. ఒక గంట ముందే పోయి అక్కడి గాలికి చేతుల్ని అలవాటు చెయ్యాలె, నవరాత్రులప్పుడు భద్రకాళి గుడి దిక్కు ఉక్కపోత వేరే, కాళోజీ కళాక్షేత్రం లాంటి ఏసీ హాల్ వేరే. ఎక్కే ముందు చాయ్ మానెయ్యండ్రి, కెఫీన్‌కు చెమట పెరుగుతది. ఊపిరి పీల్చేదాని కంటె ఇడిచేది పొడుగు ఉండేటట్టు నిదానంగ కొన్నిసార్లు చెయ్యుండ్రి. ఫ్రిజ్‌ల పెట్టిన బాటిల్ చేతుల పట్టుకొని కూసోవద్దు, దాని మీది నీళ్లు చేతికే అంటుతయి. దస్తీ ఎడమ మోకాలు పక్కనే ఉండాలె, పక్కవాద్యం వాయించేటోళ్లకు గాయకులు రాగం ఎత్తుకున్నప్పుడు మధ్యమధ్యల, తని ఆవర్తనంల, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలే వాయించేటప్పుడు, అయితె చాన సేపు తుడుసుకునే టైం దొరుకుతది, ఆ టైం వాడుకోవాలె. మొదటి పాట తొందర కాలంల పెట్టుకోవద్దు, రెండు మూడు నిమిషాలు వాయిస్తె భయం తగ్గి చేతులు వాటంతట అవే ఆరుతయి.

ఇవన్ని చేసినా చెమట ఆగనోళ్లు చర్మం డాక్టర్‌కు చూపెట్టుకోవాలె, వరంగల్ ఎంజీఎం సర్కార్ దవాఖానల కూడ చర్మం ఓపీ ఉంటది. మొదట ఎక్కువగ ఇచ్చేది అల్యూమినియం క్లోరైడ్ మందు, రాత్రి పడుకునే ముందు పూర్తిగ పొడి చేతులకు రాసి పొద్దున కడగాలె, తడి మీద రాస్తె మంట లేస్తది. మెడికల్ షాపుల రోల్ ఆన్ కొంటె యాంటీపర్‌స్పిరెంట్ అని రాసి ఉన్నదా చూడాలె, ఉత్త డియోడరెంట్ వాసనకే గాని చెమట ఆపది. అయాంటోఫోరెసిస్ అనేది చేతుల్ని నీళ్లల్ల పెట్టి చిన్న కరెంట్ పంపే పద్ధతి, కొన్ని వారాలు వారానికి రెండు మూడుసార్లు చేపిస్తరు, పేస్‌మేకర్ ఉన్నోళ్లు, గర్భిణులు చేపించుకోవద్దు. నరం కత్తిరించే ఆపరేషన్ కూడ ఉన్నది, దాని తర్వాత వీపుకో కడుపుకో చెమట ఎక్కువయ్యేది చాలమందిల ఉంటది, మళ్లీ వెనుకకు తెచ్చుకునేది కాదు, అందుకే చివరికి మాత్రమే ఆలోచించాలె. స్టేజ్ భయానికి ప్రొప్రనలాల్ అనే గుండె దడ తగ్గించే గోలీ ఎవరన్న దోస్తు ఇస్తె ఏసుకోకుండ్రి, ఆయాసం, ఆస్తమా ఉన్నోళ్లకు ప్రమాదం.

చెమట ఈ మధ్యనే కొత్తగ మొదలైతె, రాత్రి నిద్రల పడితె, బరువు తగ్గుడు, గుండె దడ ఉంటె థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఆలస్యం చెయ్యొద్దు. అరచేతుల చెమట ఆపెటందుకు బొటాక్స్ సూదులు కూడ ఇస్తరు, కొన్ని నెలలు పనిచేస్తయి, కాని అరచేతిల ఇచ్చినంక కొందరికి వేళ్ల బలం కొన్నాళ్లు తగ్గుతది. ఏం వాయిస్తరో, ఏ చేతి వేళ్లతోని ఎక్కువ పనో, కచేరి ఎప్పుడున్నదో సూది కంటె ముందే డాక్టర్‌కు చెప్పి, అప్పుడు ఒప్పుకోండ్రి.