కారు టచ్‌స్క్రీన్‌లో సొంత పాటలు సరిగ్గా ప్లే కావాలంటే ఏం చేయాలి?

ఏళ్లుగా పోగు చేసుకున్న పాటలన్నీ పెన్ డ్రైవ్‌లో వేసి కారుకు పెట్టగానే మన సర్దుబాటంతా చెదిరిపోతుంది. ఒకే సినిమా ఆల్బమ్ ఐదు ముక్కలుగా కనిపిస్తుంది. ఒకటో పాట తర్వాత పదో పాట వస్తుంది. కొన్ని పేర్ల చోట డబ్బాలుంటాయి, కొన్ని పాటలు అసలు జాబితాలోకే రావు.

కంప్యూటర్‌లోని ప్లేయర్ మన ఫైళ్లలో ఉన్న లోపాలను చాలావరకు సర్దుకుపోతుంది. కారు ప్లేయర్ అలా సర్దుకోదు. దాని మెమరీ తక్కువ, సాఫ్ట్‌వేర్ పాతది, అప్‌డేట్లు అరుదు. కారులో మనం మార్చగలిగింది దాదాపు ఏమీ లేదు కాబట్టి, పనంతా ఇంట్లో కంప్యూటర్ దగ్గరే పూర్తి చేయాలి.

1. అసలు లైబ్రరీని ముట్టుకోవద్దు

పాటలన్నిటినీ వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, దానికి ‘కారు’ అని పేరు పెట్టండి. ఇక్కడ చెప్పే మార్పులన్నీ ఆ కాపీలోనే చేయాలి. కారు కోసం కొన్ని ట్యాగ్‌లను (ఫైల్ లోపల రాసి ఉండే పాట, ఆల్బమ్, గాయకుల వివరాలను) కుదించాలి, కొన్ని ఫైళ్లను తక్కువ నాణ్యతకు మార్చాలి. అసలు లైబ్రరీలో ఆ పని చేస్తే వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

తర్వాత కారు మాన్యువల్‌లో యూఎస్‌బీ ఆడియో పేజీ తీయండి. అది చదివే ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి), ప్లే చేసే ఫార్మాట్‌లు, ఫైళ్లకూ ఫోల్డర్లకూ ఉన్న గరిష్ఠ సంఖ్య, ఫోల్డర్‌లో ఫోల్డర్ ఎన్ని అంచెల వరకు చదువుతుంది అన్నవి రాసి పెట్టుకోండి. ఈ సంఖ్య దాటినప్పుడు చాలా కార్లు ఏ హెచ్చరికా ఇవ్వవు, మిగిలిన పాటలను చూపించకుండా వదిలేస్తాయి. పాటలు మాయమైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

2. డ్రైవ్, పోర్ట్

కారులో ఉన్న యూఎస్‌బీ పోర్ట్‌లన్నీ పాటలు చదవవు. కొన్ని చార్జింగ్‌కే పరిమితం. వెనక సీటు వైపు ఉండేవి ఎక్కువగా ఇలాంటివే. డేటా పోర్ట్ పక్కన మూడు కొమ్మల యూఎస్‌బీ గుర్తో, ఫోన్ బొమ్మో ఉంటుంది. మెరుపు గుర్తు లేదా బ్యాటరీ బొమ్మ మాత్రమే ఉంటే అది చార్జింగ్ పోర్ట్ అనుకోవచ్చు. హబ్ పెట్టి రెండు డ్రైవ్‌లు కలపడం చాలా కార్లలో పనిచేయదు.

32 జీబీ డ్రైవ్ చాలు. 256 కేబీపీఎస్ (సెకనుకు 256 కిలోబిట్ల) ఎంపీ3 నిమిషానికి సుమారు 2 ఎంబీ తీసుకుంటుంది, అంటే ఐదు నిమిషాల పాటలు మూడు వేలకు పైగా పడతాయి. డ్రైవ్ పెద్దదై పాటలు పెరిగేకొద్దీ కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ వాటిని లెక్కపెట్టుకోవడానికే నిమిషాలు పడుతుంది. నిన్న ఆపిన చోటు నుంచి కాకుండా మొదటి పాట నుంచి మొదలవడానికి చాలాసార్లు కారణం ఇదే. లెక్క పూర్తికాకముందే ప్లేయర్‌కు ఏదో ఒక పాట కావాలి, అది మొదటిదాన్ని ఎత్తుకుంటుంది.

3. ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి

ఫైల్ సిస్టమ్‌లలో కార్లలో ఎక్కువగా చెల్లేది ఫ్యాట్32. ఎక్స్‌ఫ్యాట్ కొత్త కార్లలో పనిచేస్తుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ కొన్నింటిలోనే. మ్యాక్ సొంత ఫార్మాట్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు. ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, పాటలకు అదొక అడ్డే కాదు.

చాలామంది చూసుకోనిది పార్టిషన్ స్కీమ్, అంటే డ్రైవ్‌ను భాగాలుగా విభజించి రాసుకునే పద్ధతి. డ్రైవ్ జీపీటీ పద్ధతిలో ఉంటే, లోపల ఫ్యాట్32 ఉన్నా కొన్ని కార్లు ‘డివైస్ సపోర్ట్ చేయదు’ అంటాయి. దాన్ని పాత పద్ధతి అయిన ఎంబీఆర్‌కు (మాస్టర్ బూట్ రికార్డ్) మార్చాలి. విండోస్‌లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, బూట్ సెలెక్షన్‌లో నాన్ బూటబుల్, పార్టిషన్ స్కీమ్‌లో ఎంబీఆర్, ఫైల్ సిస్టమ్‌లో ఫ్యాట్32 ఎంచుకుని స్టార్ట్ నొక్కండి. 32 జీబీ కంటే పెద్ద డ్రైవ్‌లకు విండోస్ ఫార్మాట్ విండో చాలాకాలం ఫ్యాట్32 ఇవ్వలేదు, రూఫస్ ఇస్తుంది. మ్యాక్‌లోనైతే డిస్క్ యుటిలిటీలో వ్యూ మెనూ నుంచి షో ఆల్ డివైసెస్ ఎంచుకోండి. పై వరసలో కనిపించే డ్రైవ్‌నే పట్టుకుని, ఎంఎస్‌డాస్ ఫ్యాట్, మాస్టర్ బూట్ రికార్డ్ పెట్టి ఎరేజ్ చేయండి. రెండు దారుల్లోనూ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే చూసుకోండి.

4. కారు అర్థం చేసుకునే ఫార్మాట్‌లోకి మార్చండి

ఎంపీ3 ఎక్కడైనా పాడుతుంది. ఎం4ఏ దగ్గర మోసపోవచ్చు: ఆ పొడిగింపు వెనక ఏఏసీ ఉండొచ్చు, యాపిల్ లాస్‌లెస్ (నాణ్యత తగ్గకుండా కుదించేది) ఉండొచ్చు. మొదటిది చాలా కార్లలో పాడుతుంది, రెండోది కొన్నింట్లోనే. ఒకే ఫోల్డర్‌లో సగం పాటలు పాడి సగం దాటేస్తుంటే ఇది చూడండి. ఫ్లాక్ (ఇదీ లాస్‌లెస్సే) కొత్త కార్లలో చెల్లుతుంది కానీ, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లు పెడితే ఇబ్బంది పడేవి ఉన్నాయి. ఓపస్, ఆగ్ ఫైళ్లను మార్చేయడమే మేలు.

ఎంపీ3లోకి మార్చడానికి ఫూబార్2000 గానీ ఫ్రీయాక్ గానీ వాడండి. 256 కేబీపీఎస్, స్థిర బిట్ రేట్, 44.1 కిలోహెర్ట్జ్ పెట్టండి. రోడ్డు చప్పుడు, ఇంజిన్ చప్పుడు మధ్య దీనికీ లాస్‌లెస్‌కూ తేడా పట్టుకోవడం చాలా కష్టం. స్థిర బిట్ రేట్ ఎందుకంటే, మారే బిట్ రేట్ ఫైళ్లలో పాట నిడివిని తప్పుగా చూపించి, ముందుకు జరిపితే ఎక్కడికో దూకే ప్లేయర్లు ఉన్నాయి. స్ట్రీమింగ్ యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు తాళం వేసిన ఫైళ్లు, వాటిని డ్రైవ్‌లోకి కాపీ చేసినా పాడవు.

5. ట్యాగ్‌లు: అసలు పని ఇక్కడే

కారు స్క్రీన్ ఆల్బమ్, ఆర్టిస్ట్ జాబితాలను ఫోల్డర్ పేర్లు చూసి తయారుచేయదు. ప్రతి ఫైల్ లోపల దాగి ఉండే ట్యాగ్‌లను చదివి తయారుచేస్తుంది. విండోస్, మ్యాక్ రెండింటికీ ఎంపీ3ట్యాగ్ ఉంది, లినక్స్‌కు కిడ్3.

సినిమా ఆల్బమ్‌లను ముందు సరిచేయండి, ఎక్కువగా ముక్కలయ్యేవి అవే. ఆరు పాటలకు ఆరుగురు గాయకులుంటే, ఆర్టిస్ట్ పేరు మారినప్పుడల్లా కారు కొత్త ఆల్బమ్ అనుకుంటుంది. ఎంపీ3ట్యాగ్‌లో ఆ సినిమా పాటలన్నీ ఎంచుకుని, ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సంగీత దర్శకుడి పేరు ఒక్కటే రాసి సేవ్ చేయండి. ‘వేరియస్ ఆర్టిస్ట్స్’ అని రాసినా ముక్కలు అతుక్కుంటాయి. కానీ సంగీత దర్శకుడి పేరు రాస్తే ఆయన సినిమాలన్నీ ఒకచోట చేరతాయి, అందుకే అదే మంచి పద్ధతి. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిని పట్టించుకోని కార్లూ ఉన్నాయి. వాటి కోసం, ఈ కాపీలో మాత్రమే, ఆర్టిస్ట్ గడిలోనే సంగీత దర్శకుడి పేరు పెట్టి, గాయకుల పేర్లను పాట పేరు చివర చేర్చండి.

ఆల్బమ్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. చివర ఒక ఖాళీ ఉన్నా అది వేరే ఆల్బమే. ఆ ఖాళీ కంటికి కనిపించదు, కాబట్టి అన్ని పాటలూ ఎంచుకుని పేరును కొత్తగా టైప్ చేయడం తేలిక. డౌన్‌లోడ్ చేసిన పాటల్లో వెబ్‌సైట్ పేర్లు అంటుకుని ఉంటే ఇప్పుడే తీసేయండి. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది: ఒకే పేరుతో వేర్వేరు కాలాల్లో వచ్చిన రెండు సినిమాల పాటలను కారు ఒక ఆల్బమ్‌లో కలిపేస్తుంది. పేరు పక్కన విడుదలైన సంవత్సరం చేరిస్తే విడిపోతాయి.

తెలుగులో రాసిన పేర్లు స్క్రీన్ మీద ఎలా పాడయ్యాయో చూస్తే కారణం తెలిసిపోతుంది. వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే, కారు ఐడీ3 అనే ట్యాగ్ పద్ధతిలో పాతదైన మొదటి వెర్షన్‌ను చదువుతోంది. అందులో గడికి 30 అక్షరాలే చోటు, తెలుగు లిపికి అసలు చోటు లేదు. నెత్తి మీద గీతలున్న యూరప్ అక్షరాలు వస్తుంటే, అది ఎన్‌కోడింగ్ (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) పొరపాటు. ఈ రెండింటికీ మందు ఒకటే: ఎంపీ3ట్యాగ్ ఆప్షన్స్‌లో ఐడీ3 వెర్షన్ 2.3, యూటీఎఫ్16 ఎంచుకుని, మొదటి వెర్షన్‌నూ ఏపీఈ అనే మరో రకం ట్యాగ్‌లనూ తొలగించేలా పెట్టి, ఫైళ్లన్నీ ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి. వెర్షన్ 2.4 కొత్తదే అయినా కార్లలో 2.3 నమ్మకమైనది.

డబ్బాలు కనిపిస్తే కారులో తెలుగు ఫాంట్ లేదు. ఫాంట్ ఉన్నా, ఒత్తులనూ గుణింతాలనూ కలిపి చూపించే ఏర్పాటు లేకపోతే ‘స్త్రీ’ అన్న మాట స, త, ర విడివిడిగా, పొల్లులతో, గుడి దీర్ఘం ఎక్కడో ఒంటరిగా కనిపిస్తుంది. ఈ రెండూ ట్యాగ్‌లు మార్చినా పోవు. కారు కాపీలో పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడమే దారి. ఒక స్పెల్లింగ్ పద్ధతి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి, లేకపోతే ఒకే గాయని మూడు చోట్ల తేలుతుంది.

కవర్ బొమ్మలను 500 బై 500 పిక్సెళ్ల జేపీఈజీకి తగ్గించండి. ప్రోగ్రెసివ్ జేపీఈజీ (మసకగా మొదలై క్రమంగా స్పష్టమయ్యే రకం), పీఎన్‌జీ కొన్ని స్క్రీన్ల మీద కనిపించవు. మరీ పెద్ద బొమ్మలైతే పాటల లెక్కింపును నెమ్మదింపజేస్తాయి. బొమ్మ సరిగ్గా పెట్టినా వేరే ఆల్బమ్ కవర్ వస్తుంటే, కారు తన సొంత డేటాబేస్ నుంచి ఊహించి వేస్తోందన్నమాట. గ్రేస్‌నోట్ అనే ఎంపిక సెట్టింగ్స్‌లో ఉంటే ఆపేయండి.

6. వరస తప్పకుండా కాపీ చేయడం

1 తర్వాత 10, 11, ఆ తర్వాత 2 వస్తుంటే కారు అంకెలను అక్షరాల్లా చూస్తోంది. ఫైల్ పేర్లు 01, 02 అని మొదలవ్వాలి. ఎంపీ3ట్యాగ్‌లో ఆటో నంబరింగ్ విజర్డ్ తెరిచి ముందు సున్నా చేర్చే ఎంపికను టిక్ చేయండి. తర్వాత కన్వర్ట్ మెనూతో ట్యాగ్ నుంచి ఫైల్ పేరు తయారుచేయండి.

అంకెలు సరిగ్గా ఉన్నా వరస తప్పుతోందంటే చిక్కు ఫ్యాట్32లో ఉంది. ఏ ఫైల్ ముందు రాస్తే దాని పేరు ఆ డ్రైవ్ పట్టికలో ముందుంటుంది. పేర్లను తిరిగి వరసపెట్టని ప్లేయర్ ఆ పట్టికను ఉన్నదున్నట్టు చదివేస్తుంది. విండోస్‌లో పాటలన్నీ ఎంచుకుని ఏడో పాట మీద మౌస్ పెట్టి లాగితే, ఏడోదే మొదట వెళ్లొచ్చు. పాత పాట చెరిపి కొత్తది వేస్తే, కొత్తది ఆ ఖాళీ అయిన గడిలో దూరుతుంది. కాపీ పూర్తయ్యాక విండోస్‌లో డ్రైవ్‌సార్ట్, లినక్స్‌లో ఫ్యాట్‌సార్ట్ నడిపితే పట్టిక పేర్ల ప్రకారం సర్దుకుంటుంది.

మ్యాక్ నుంచి కాపీ చేస్తే, ప్రతి పాటకూ చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న జంట ఫైల్ ఒకటి పుడుతుంది. అది మ్యాక్‌లో కనిపించదు. కారు మాత్రం దాన్ని పాట అనుకుని తెరవబోయి ‘ఫైల్ చదవలేకపోతున్నాం’ అంటుంది. టెర్మినల్‌లో డాట్ క్లీన్ (dot_clean) ఆదేశాన్ని ఆ డ్రైవ్ మీద నడిపి వాటిని తీసేయాలి. చివరగా డ్రైవ్‌ను ఎజెక్ట్ చేశాకే పీకండి.

7. మాటిమాటికీ వాల్యూమ్ పెంచడం, తగ్గించడం తప్పించుకోండి

పాత పాట మెల్లగా, కొత్త పాట అదిరిపోయేలా వస్తుంటే రీప్లేగెయిన్ (పాటను ఎంత శబ్దంతో ప్లే చేయాలో చెప్పే ట్యాగ్) సరిచేస్తుందని కంప్యూటర్ అలవాటు చెబుతుంది. చాలా కారు ప్లేయర్లు ఆ ట్యాగ్ చూడవు. ఎంపీ3గెయిన్ వాడండి. అది ఫైల్ లోపలి శబ్ద స్థాయినే 1.5 డెసిబెళ్ల మెట్లలో మారుస్తుంది, మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి నాణ్యత పోదు. మామూలు లక్ష్యం 89 డెసిబెల్స్.

8. పది ఆల్బమ్‌లతో పరీక్షించండి

లైబ్రరీ మొత్తం సర్దేముందు పది ఆల్బమ్‌లు మాత్రమే వేసి, బండి ఆపి ఉన్నప్పుడు స్క్రీన్ మీద చూడండి. ఒక సినిమా ఆల్బమ్, పన్నెండు పాటల ఆల్బమ్ ఒకటి, తెలుగులో పేర్లున్నది ఒకటి, ఎం4ఏ ఒకటి ఉండేలా చూసుకోండి. ఇంజిన్ ఆపి, తలుపు తీసి వేసి, మళ్లీ స్టార్ట్ చేసి ఆపిన చోటు నుంచే పాడుతోందో లేదో గమనించండి. ఆ పదింట్లో కుదిరిన పద్ధతినే మిగతావాటికి వర్తింపజేయండి.

పెన్ డ్రైవ్‌తో కుదరకపోతే ఫోన్

కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్ యాప్‌లను కారు స్క్రీన్ మీద చూపించే ఏర్పాట్లు) ఉన్న కారులో లైబ్రరీని ఫోన్‌లో పెట్టుకోవచ్చు. అప్పుడు ఫైళ్లను చదివేది ఫోనే, కాబట్టి ఫ్లాక్, తెలుగు లిపి ఇబ్బంది పెట్టవు. సొంత ఫైళ్లకు వీఎల్‌సీ ప్లేయర్ రెండింటిలోనూ పనిచేస్తుంది. ఇక్కడ వచ్చే చిరాకు వేరు: బండి కదులుతున్నప్పుడు పొడవాటి జాబితాలను కొంతవరకే జరపనిస్తారు. భద్రత కోసం పెట్టిన కట్టడి అది, దాన్ని దాటే దారులు వెతకొద్దు. బయల్దేరే ముందే ప్లేలిస్ట్‌లు సిద్ధం చేసుకోండి.

బ్లూటూత్ మాత్రమే ఉంటే పేర్లు కనిపించడం ఏవీఆర్‌సీపీ (బ్లూటూత్‌లో పాటల వివరాలు, బటన్ల ఆదేశాలు పంపే పద్ధతి) వెర్షన్‌ను బట్టి ఉంటుంది. 1.3 నుంచి పాట పేరు వస్తుంది, 1.4 నుంచి జాబితా చూసే వీలుంది, కవర్ బొమ్మ 1.6తో వచ్చింది. ఫోన్, కారు రెండూ ఆ వెర్షన్‌ను అందుకోవాలి. శబ్దం పలచగా వస్తుంటే ఫోన్ వాల్యూమ్ దాదాపు నిండుగా పెట్టి, హెచ్చుతగ్గులు కారు నాబ్‌తోనే చేయండి.