ఏఎఫ్ సెన్సర్ కొనే ముందు కనెక్టరు విప్పి చూడండి

"ఏటి గురువుగారూ, సెన్సర్ మార్చేస్తే లైటు ఆరిపోద్దా?" విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, ఎవరో స్కానర్ పెడతారు, తెర మీద ఎయిర్ ఫ్యూయల్ సెన్సర్ పేరు కనపడుతుంది. వెంటనే కొత్తది కొనేస్తారు. కోడ్ చెప్పేది ఆ సర్క్యూట్‌లోనో, ఆ రీడింగ్‌లోనో తేడా ఉందని మాత్రమే. పార్టు పోయిందో లేదో మనమే తేల్చుకోవాలి. దానికి బండి కోడ్‌లు, రీడింగులు ఫోన్‌లో చూపే ఓబీడీ స్కానర్, మల్టీమీటరు, కాస్త ఓపిక చాలు.

క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు, సైలెన్సర్ పైపు మీద ఉంటుంది ఈ సెన్సర్. పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటరుకి చెబుతుంది, దాన్ని బట్టి ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది కాబట్టి లోపల చిన్న హీటరు ఉంటుంది. ఐదారు వైర్లుంటే అది దాదాపుగా వైడ్‌బ్యాండే, అంటే తేడా ఎంతుందో కూడా కొలిచి చెప్పే రకం. నాలుగే ఉంటే పాత రకం ఆక్సిజన్ సెన్సర్ కూడా కావచ్చు, బండి మాన్యువల్ చూసుకోండి.

ముందు కోడ్ రాసుకోండి. పి0031, పి0032, పి0135 వస్తే అది హీటరు సర్క్యూట్ గొడవ. పి2195 అంటే రీడింగ్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) వైపు ఇరుక్కుపోయింది, పి2196 అంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ) వైపు. పి0171 ఒక్కటే వచ్చిందంటే సెన్సర్ తన పని తాను చేస్తూ, గాలి ఎక్కువైందని నిజమే చెబుతోందేమో చూడాలి.

హీటరు కోడ్ అయితే మొదట ఫ్యూజు, తర్వాత కనెక్టరు. మన ఊళ్లో ఇది మరీ ముఖ్యం. బీచ్ రోడ్డు, రుషికొండ, పెదగంట్యాడ వైపు ఆరుబయట పెట్టే బండ్లకి ఉప్పుగాలి ఎక్కడ దూరుతుందో చెప్పలేం. ఒక టాక్సీ అబ్బాయి కొత్త సెన్సర్ డబ్బా చేత్తో పట్టుకునే వచ్చాడు, "అన్నయ్యా, బిగించేయండి" అని. కనెక్టరు విప్పితే హీటరు పిన్ను ఒకటి పచ్చగా చిలుముపట్టి, గోరుతో గీకితే పొడిగా రాలింది. పాత సెన్సర్ హీటరుకి ఓమ్స్ చూస్తే బాగానే ఉంది. పిన్ను మార్చి అదే సెన్సర్ పెట్టాం, కోడ్ మళ్లీ రాలేదు. కొత్తది షాపులో వాపసిచ్చేశాడు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ వైపు హీటరు పిన్నుల మధ్య చూస్తే కొన్ని ఓమ్స్ రావాలి. మీటరు ఏ అంకే చూపకపోతే లోపల తెగినట్టే, ఇక అనుమానం లేదు, మార్చేయండి. ఒక్క మాట: ఉప్పుగాలికి మందని కనెక్టరులో గ్రీజు కూరకండి. చాలా సెన్సర్లు పోలిక కోసం బయటి గాలిని వైర్ల సందుల్లోంచే పీల్చుకుంటాయి.

హీటరు బాగుంటే లైవ్ డేటా చూడాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉంటే 1 చూపే అంకె) 1 దగ్గర నిలబడాలి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ట్రిమ్‌లు (ఈసీయూ పెట్రోలు ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకెలు) కలిపినా 10 శాతం దాటకూడదు. అసలు పరీక్షకి సింహాచలం ఘాట్ దిగండి. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది, పైపులో వచ్చేది గాలే. సెన్సర్ వెంటనే బాగా లీన్ వైపు దూకాలి. మళ్లీ గట్టిగా తొక్కితే రిచ్ వైపు రావాలి. రెండు వైపులా చురుగ్గా కదిలితే సెన్సర్ బతికే ఉంది. కదలకపోయినా, బద్ధకంగా కదిలినా మార్చాల్సిందే. ఫోన్ మాత్రం పక్కన కూర్చున్నవాళ్లు చూడాలి, డ్రైవింగ్ చేసేవాళ్లు కాదు.

సెన్సర్ బాగుండి కూడా లీన్ అంటుంటే దానికి ముందున్న ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ చూడండి. అక్కడ చిన్న లీకున్నా బయటి గాలి లోపలికొచ్చి లీన్ అనిపిస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమని వినపడుతుంది, పక్కన నల్లటి మసి మరక ఉంటుంది. లోపలికెళ్లే గాలిని కొలిచే ఎమ్‌ఏఎఫ్ సెన్సర్ ఉన్న బండిలో ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర సర్దుకుంటే వ్యాక్యూమ్ గొట్టాలు వెతకండి. అక్కడే ఇంకా పెరిగితే ఫ్యూయల్ ఫిల్టరు, పంపు. ఇథనాల్ సంగతీ గుర్తుంచుకోండి. అచ్చమైన పెట్రోలుకి గాలి, పెట్రోలు సరైన నిష్పత్తి 14.7కి 1 అయితే, 20 శాతం ఇథనాల్ కలిసినదానికి అది 13.5 దగ్గరికి దిగుతుంది. పాత బండ్లలో ట్రిమ్ కొంచెం ప్లస్ వైపు జరగడం సహజం, దానికి సెన్సర్‌ని తిట్టకండి.

మార్చాల్సి వస్తే పైపు గోరువెచ్చగా ఉన్నప్పుడు రస్ట్ స్ప్రే కొట్టి, పక్కన చీలిక ఉన్న 22 ఎమ్ఎమ్ సాకెట్‌తో తిప్పండి. కొత్తది కింద పడేయొద్దు, లోపల సిరామిక్ పగులుతుంది. బాష్ ఐదు వైర్ల వైడ్‌బ్యాండ్‌కి కనెక్టరు లోపలే ఆ సెన్సర్‌కి సరిపోయేలా కొలిచి పెట్టిన రెసిస్టర్ ఉంటుంది, అందుకని కనెక్టరు కోసి పాతది అతికించడం కుదరదు.

పాత సెన్సర్ పారేయకుండా మొన చూడండి. పొడి మసి అయితే ఇంజిన్ రిచ్‌గా నడుస్తోంది. తెల్లటి పెచ్చు కడితే కూలెంట్ లోపలికి పోతోందనో, ఎవరో మామూలు సిలికాన్ సీలెంట్ వాడారనో అనుమానించాలి. ఆ కారణం పట్టుకోకుండా కొత్తది బిగిస్తే అదీ అలాగే పోతుంది.