కొత్త ఐస్ మీద చేపలకి వెళ్తే ముందు మందం చూసుకోండి

మన బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి మిన్నెసోటా, కెనడా వెళ్లిన పిల్లలు చలి మొదలవగానే ఐస్ ఫిషింగ్ అని, అంటే గడ్డకట్టిన చెరువు మీద నడిచి వెళ్లి ఐస్‌కి కన్నం పెట్టి చేపలు పట్టడమని సరదాపడుతున్నారు, మా తమ్ముడూ అంతే, వాడికి ఫోన్‌లో చెప్పిందే మీకూ చెప్తున్నా. నడవాలంటే అద్దంలా ఉండే గట్టి ఐస్ కనీసం 4 అంగుళాలు ఉండాలి, తెల్లటిదైతే బలం సగమే కాబట్టి 8 అయినా ఉండాలి. ఒక్కచోట కొలిచి ఊరుకోకండి, వాగు కలిసేచోట పల్చగా ఉంటుంది, గునపంతో పొడిచి చూసుకుంటూ వెళ్లండి. ఒంటరిగా అస్సలు వద్దు. లైఫ్ జాకెట్ వేసుకోండి, పిడికి మేకులుండే ఐస్ పిక్స్ మెడలో వేలాడేసుకోండి. ఒకవేళ ఐస్ విరిగి నీళ్లలో పడిపోతే వచ్చిన వైపుకే తిరగండి, అటు ఐస్ మిమ్మల్ని మోసింది కదా, పిక్స్ గుచ్చి కాళ్లు గట్టిగా ఆడిస్తూ పైకి పాకి, వెంటనే లేచి నిలబడకుండా దొర్లుకుంటూ ఒడ్డు వైపు రండి.