ముప్పావుగంటలో ఒక ఇత్తడి చెంబు: రోజుకొక గ్వాష్ చిత్రం

శ్రీకాకుళంలో ఉంటూ రోజూ గ్వాష్‌తో (నీటితో కలిపే, అడుగుది కనిపించనివ్వని చిక్కటి రంగుతో) ఒక చిన్న స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల చిత్రం) వేయదలచినవారు వస్తువుల కోసం వెతకనక్కరలేదు. బుడితి ఇత్తడి చెంబు, దాని కింద పరచడానికి పొందూరు ఖద్దరు గుడ్డ, వేసవిలో అయితే పక్కన ఒక జీడిమామిడి పండు ఉంటే చాలు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) వాటర్‌కలర్ కాగితపు ఏ4 షీటును నాలుగుగా కోస్తే పోస్టుకార్డంత ముక్కలు వస్తాయి. అంతకంటే పెద్ద కాగితం తీసుకుంటే ముప్పావుగంటలో పని తెమలదు. ఈలోగా వెలుగు జరిగిపోయి, మొదట గీసిన నీడకూ చివర కనిపించే నీడకూ పొంతన ఉండదు.

ఉత్తరపు కిటికీ పక్కన కూర్చుంటే వెలుగు నిలకడగా ఉంటుందని చిత్రకళ నేర్పేవారు చెబుతారు. చలిదేశాల్లో పుట్టిన ఆ సలహా మనకు ఏడాది పొడవునా వర్తించదు. ఈ ఊరు దాదాపు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున, మే నడుమ నుంచి జూలై ఆఖరు వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కూడా కాస్త ఉత్తరానికే ఉంటాడు; ఉదయపు ఎండ అయితే మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా తూర్పుకు ఉత్తరంగానే వస్తుంది. ఆ నెలల్లో కిటికీకి పలుచని తెల్లపంచె కడితే సరిపోతుంది.

గ్వాష్ ట్యూబులు దొరకకపోతే పోస్టర్ కలర్ సీసాలతో మొదలుపెట్టవచ్చు. తెలుపు, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, క్రిమ్సన్, అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ ఉంటే చాలు. బంగారు రంగు సీసా మాత్రం కొనవద్దు. అది మెరుస్తుందే గాని చెంబు గుండ్రదనాన్ని చూపదు. కళ్లు సగం మూసి చూస్తే ఇత్తడిలో వెలుగునీడల మూడు మెట్లే కనిపిస్తాయి. ఓకర్‌లో అంబర్, చిటికెడు అల్ట్రామెరైన్ కలిపి ముందు నీడ భాగాన్నీ, తరువాత ఓకర్‌తో నడిమి భాగాన్నీ వేసి, లెమన్ ఎల్లో తగిలించిన తెలుపుతో మెరుపుచుక్కను అన్నిటికంటే చివర, ఒక్క కుంచె వేటుతో పెట్టాలి. చెంబు అడుగున ఖద్దరు తెల్లదనం ప్రతిఫలిస్తుంది. కొత్తవారు సాధారణంగా వదిలేసేది దీన్నే.

గ్వాష్ తుమ్మబంక వంటి జిగురుతో కలిపిన రంగు కనుక ఆరిన తరువాత కూడా తడి తగిలితే కరుగుతుంది. అందువల్ల పై పూతను మీగడంత చిక్కగా కలిపి, ఒకసారి వేసిన చోట మళ్లీ రుద్దకుండా వదిలేయాలి. మరీ మందంగా వేస్తే ఆరాక పగుళ్లిస్తుంది. లేత రంగులు ఆరాక కొంచెం ముదురుగా, ముదురు రంగులు కొంచెం లేతగా మారతాయి కాబట్టి అదే కాగితపు తుంపు మీద ముందుగా వేసి, ఆరనిచ్చి చూసుకోవాలి. వానాకాలపు తేమలో ఇది కొంత ఓపిక పట్టవలసిన పని, అయినా మానకూడదు.

వారం రోజులపాటు అదే చెంబును ఉంచి, గుడ్డ రంగునో పక్క వస్తువునో మాత్రం మార్చడం మంచిది. రోజుకొక కొత్త వస్తువు పెట్టేవారికి కూర్పు చేయడంలోనే సగం సమయం పోతుంది. పని అయ్యాక పాలెట్‌ను (రంగులు కలిపే పళ్లేన్ని) పూర్తిగా ఆరనిచ్చి మూత పెట్టాలి, లేకపోతే ఆషాఢ శ్రావణాల్లో రంగు మీద బూజు పడుతుంది.